అంకాలు ఉతికిన నవారు పట్టీ

కాళ్ళు ముడుచుకో. దుప్పటంతా నువ్వే లాక్కోకు. ఊఁ కొడితేనే చెబుతా, లేకపోతే నాకూ నిద్రొస్తోంది.

అనగనగా సొంత ఊరంటూ లేని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క అంకాలు, చెల్లెలు రావులమ్మ. తిరునాళ్ళు ఎక్కడ జరిగితే అక్కడే వాళ్ళ గుడారం. రెండు గడల మధ్య నవారు పట్టీ బిగిస్తే దాని మీద రావులమ్మ నడిచేది. మన మంచానికి అల్లే నవారే, కాకపోతే ఇంకాస్త మందం. తాటిచెట్టులో సగం ఎత్తమ్మా! కింద వల కూడా ఉండేది కాదు.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. నడిచే మనిషి పట్టీని చూసుకోకూడదు, చూసుకుంటే భయం పుడుతుందిట. అందుకని ఉతకడం, ఆరెయ్యడం అన్నీ అంకాలే చేసేది. ఆటకి ముందు కళ్ళు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమేది. ఆ తర్వాత "ఎక్కు" అనేది. అప్పుడే రావులమ్మ ఎక్కేది.

వాళ్ళమ్మ పోతూ పోతూ అంకాలుకి చెప్పింది. "చన్నీళ్ళలో నానెయ్యి. కుంకుడు రసంతో మెల్లగా పిసుకు. నీడనే ఆరెయ్యి."

ఒకసారి పెద్ద తిరునాళ్ళు వచ్చాయి. ఎవరో దారినపోయే ఆవిడ "ఛీ, పట్టీ ఎంత మాసిపోయిందో" అంది. అంకాలుకి తల కొట్టేసినట్టయింది. అప్పుడు పట్టీని సోడా వేసి ఉడకబెట్టింది. ఆ తర్వాత బండకేసి బాదింది. ఆ తర్వాత గంజి పెట్టి మిటమిటలాడే ఎండలో పరిచింది. పిచ్చిమొహం, అమ్మ మాట ఒక్కటైనా విన్లేదు! చెల్లెలు తెల్లటి పట్టీ మీద నడవాలని దాని ఆశ. ప్రేమతోనే చేసిందిలే పాపం.

మర్నాడు జనం కిటకిటలాడుతున్నారు. మేనమామ తిరుపాలు డోలు మొదలెట్టాడు. అంకాలు కళ్ళు మూసుకుని పట్టీ తడిమింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమింది. నున్నగా ఉంది. మూడోసారి తడిమేసరికి సంగతి తట్టింది. పాత పట్టీ కదా, ఎక్కడో ఓ పోగైనా లేచి ఉండాలి! లేచిన పోగులన్నీ గంజిలో అణిగిపోయాయి. ఏది తెగిందో ఏది తెగలేదో వేళ్ళకి తెలియడం లేదు.

"ఎక్కు అనవేంటక్కా?" అంది రావులమ్మ.

ఆ ఒక్క మాట అనేస్తే తన తప్పు ఎవరికీ తెలీదు. చెబితే నలుగురూ మొహాన ఉమ్ముతారు.

"వద్దే తల్లీ. పట్టీ నేనే పాడుచేశాను. ఉడకబెట్టాను, బాదాను. ఇది నిన్ను మోస్తుందో లేదో నాకు తెలీదు."

జనం ఈలలు వేశారు. తిరుపాలు చెడామడా తిట్టాడు. అంకాలు చెల్లెలంత బరువు ఇసక మూట కట్టింది. పట్టీ బిగించాక మూటని నడిమధ్యన వేలాడదీయించింది. కాసేపు ఏమీ కాలేదు. జనం నవ్వారు. అప్పుడు పట్టీ పటుక్కున తెగింది. మూట నేలకి కొట్టుకుని పిగిలిపోయింది.

అంకాలు ఆ ఇసకలో కూలబడి ఏడ్చింది. "ఇక పట్టీ నా చేతికివ్వకు మావా" అంది.

ఆ తర్వాత తిరుపాలు కొత్త పట్టీ నేయించాడు. తనే తడమబోయాడు. రావులమ్మ దాన్ని లాక్కుని అక్క ఒళ్ళో పెట్టింది.

"ఎక్కు అనడానికేం మావా, ఎవరైనా అంటారు. అంతమందిలో వద్దు అన్నది అక్క ఒక్కతే. అక్క చూడందే నేను కాలు పెట్టను."

ఊఁ కొట్టవేం? పడుకున్నావా?

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
పిల్లిపిల్లేమో పొయ్యిగూటికి,
కునుకేమో నీ కంటికి.