ఇసుక మాట విన్న కూర్మయ్య

ఇది చెప్పగా విన్న కథ. విన్నాను కాబట్టి చెబుతున్నాను. ఏటికి వంతెన లేని రోజుల్లో, వంతెన అన్న మాటే ఆ వైపు పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున కూర్మయ్య అనే మనిషి ఒకడు ఉండేవాడు.

అతనికి పొలం లేదు. పడవ లేదు. ఒక చేతికర్ర, కొన్ని వెదురు గుంజలు, రెండు కాళ్ళు ఉండేవి. ఆ కాళ్ళతోనే అతని పని.

ఆ ఏరు చూడడానికి మోకాలి లోతే. కాని అడుగున ఇసుక ఒకచోట నిలవదు. నిన్న గట్టిగా ఉన్నచోట ఇవాళ ఊబి ఉంటుంది. ఈ ఇసుక ఎందుకు కదులుతుందో కాలేజీలో మా భూగోళం మాస్టారు బల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. నేను పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా నన్ను ఆ ఏటిలో దింపితే నాలుగడుగుల్లో మునిగిపోయి ఉండేవాణ్ణి. సరే, కథకి వద్దాం.

పొద్దున్నే కూర్మయ్య అందరికంటే ముందు ఏటిలో దిగేవాడు. ఒక్కో అడుగు వేసి, అరికాలితో ఇసుకను నొక్కి చూసేవాడు. గట్టిగా ఉంటే అక్కడ గుంజ పాతి, కొనకు గడ్డి కుచ్చు కట్టేవాడు. అలా ఒడ్డు నుంచి ఒడ్డుకు గుంజల దారి పడేది. మనుషులు, పశువులు, బళ్ళు ఆ గుంజల వెంబడి దాటేవి. సాయంత్రం చివరి మనిషి దాటాక అన్ని గుంజలూ పీకేసేవాడు. నిన్నటి గుంజ ఇవాళ అబద్ధం చెబుతుందని ఆ రేవులో నియమం. అతని తండ్రి ఇదే చేశాడు, తాత ఇదే చేశాడు. మూడూళ్ళ వాళ్ళూ కోతలప్పుడు కూర్మయ్యకు ధాన్యం కొలిచేవాళ్ళు.

మంచి పనివాణ్ణి చూస్తే ఆ పని మాన్పించాలనిపిస్తుంది మనుషులకు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట అవతలి ఒడ్డు బియ్యం వర్తకుడు అడిగాడు. "కూర్మయ్యా, మా కొట్టుకి కాపలా ఉండు. నీడపట్టున కూర్చోవచ్చు."

"నా కాలికి ఇసుక మాట ఇనపడినన్నాళ్ళూ ఇక్కడే బాబూ," అన్నాడు కూర్మయ్య.

కొన్నేళ్ళకు కరణం అడిగాడు. "కచేరీలో బంట్రోతుగా చేరు. ఎర్ర పటకా కట్టుకుంటావు. జనం నిన్ను చూసి పక్కకి తప్పుకుంటారు."

"నా కాలికి ఇసుక మాట ఇనపడినన్నాళ్ళూ ఇక్కడే బాబూ."

ఇంకొన్నేళ్ళకు జమీందారు పల్లకీలో ఏరు దాటుతూ అడిగాడు. "కోటలో ఏనుగుల కొట్టం చూసుకో. నాలుగెకరాల మాగాణి రాసిస్తాను."

"నా కాలికి ఇసుక మాట ఇనపడినన్నాళ్ళూ ఇక్కడే బాబూ."

ఆ మాట విని కూర్మయ్య పెళ్ళాం, "అయితే ఆ ఇసుకనే అడుగు, అంబలి కాసి పోస్తాది," అని రెండు రోజులు పొయ్యి వెలిగించలేదట. మూడో రోజు వెలిగించింది. తరవాత చాలా ఏళ్ళకు ఆమె పోయింది. పోయేదాకా ఆ నాలుగెకరాల సంగతి ఎత్తుతూనే ఉందని అంటారు.

జమీందారు అడిగిన రోజు పక్కనే నిలబడి విన్నది గురమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఏరు దాటే మనిషి. అప్పటికి కొత్త పెళ్ళికూతురు.

ఏళ్ళు గడిచాయి. కూర్మయ్య జుట్టు గుంజ మీది గడ్డి కుచ్చులా అయింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇసుక మీద అందరూ గెంతుతూ పరిగెత్తేవాళ్ళు. కూర్మయ్య మాత్రం నీడలో ఉన్నట్టు నిలబడి ఉండేవాడు. "కూర్మయ్యవి ఇనుప కాళ్ళు" అని మూడూళ్ళ వాళ్ళూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఒక పొద్దున గురమ్మ గుంజల వెంబడి వస్తోంది. నాలుగో గుంజ దాటింది. ఐదో గుంజ అందేలోపు నడుము దాకా దిగిపోయింది. ఊబిలో తన్నుకుంటే ఇంకా దిగుతామని ఆమెకు తెలుసు. గంపను బోర్లించి, దాని మీద రొమ్ము ఆనించి, బల్లిలా పాకి బయటపడింది. చేపలు ఏటిపాలయ్యాయి. కాకులకు పండగయింది.

ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వారు. "ఊబి నీ నోటికి బయపడి ఒగ్గేసిందే, గురమ్మా," అన్నాడొకడు. ఇంకొకడు, "వరస తప్పి నడిచుంటావు. కూర్మయ్య గుంజ అబద్ధం చెప్పదు," అన్నాడు.

గురమ్మ వెనక్కి పాకి వెళ్ళి, నాలుగో గుంజ మొదలు చేత్తో తడిమి చూసింది. దాన్ని పీకి తెచ్చింది.

మధ్యాహ్నం కూర్మయ్య దగ్గరకు వచ్చింది. ఇసుక పెనంలా ఉంది. ఆమె ఒక కాలు దింపుతూ ఒక కాలు ఎత్తుతూ మాట్లాడింది.

"మావా, ఈ గుంజ ఎప్పుడు పాతినావు?"

"ఈ పొద్దుటే."

"ఒక్క పొద్దుకే నాచు పట్టిందా? నత్తలు కాపరం కూడా పెట్టినాయి, చూడు."

గురమ్మ అతని కాళ్ళ వంక చూసింది. తన కాళ్ళు చూసుకుంది. అతను కదలడం లేదు. ఆమె గెంతుతూనే ఉంది. అప్పుడు ఆమెకు అర్థమైంది.

"ఎన్నాళ్ళయింది మావా?"

"కోతలప్పుడు ఎడమ కాలు పోయింది. తరవాత కుడిది. ఏటీ తెలవదు. కట్టె మీద నిలబడినట్టు ఉంటాది." తన కాళ్ళ వంక చూసుకుంటూ అన్నాడు. "ఇసుక ఇనపడక, సాయంత్రాలు గుంజలు పీకడం మానేసినాను. ఉన్నచోటే ఉంచేస్తన్నాను. నిన్నటిదాకా దారి నిలబడింది."

"చెప్పలేదేం?"

"ఈ గుంజలు లేకపోతే నానెవడినే? ఒట్టి ముసిలోడిని."

"ఈ పొద్దు నాను ఏట్లో ఉండిపోయుంటే నానేటి మావా? ఒట్టి గంపనా?"

కూర్మయ్య ఆ గుంజ అందుకుని గోటితో నాచు గీకసాగాడు.

"జమీందారుకి నువ్వు చెప్పిన మాట నాను ఇన్నాను," అంది గురమ్మ. "ఇనపడినన్నాళ్ళూ అన్నావు. సచ్చిందాకా అనలేదు. రేపు అమ్మవారి జాతర. మూడూళ్ళ జనం పిల్లలని బుజాలెక్కించుకుని దాటతారు." అని, ఇంక నిలబడలేక నీళ్ళలోకి పరిగెత్తింది.

జాతర ఎప్పుడూ అవతలి ఒడ్డునే. మర్నాడు తెల్లవారేసరికి డప్పులతో, ఘటాలతో జనం రేవుకి వచ్చారు. వచ్చేసరికి ఏటిలో ఒక్క గుంజా లేదు. అన్నీ పీకి కూర్మయ్య ఒడ్డున పోగు పెట్టాడు. చేతికర్ర గురమ్మ చేతిలో పెట్టాడు.

"నా కాలికి ఇసుక మాట ఇనపడటం లేదు," అన్నాడు అందరూ వినేలా. "ఈ పొద్దు నుంచి గురమ్మ పాతతాది."

జనం గొణిగారు. చేపలమ్ముకునేదాని వెనక అమ్మవారి ఘటం నడవాలా అన్నారు. ఊరిపెద్ద దాలినాయుడు ముందుకొచ్చాడు.

"నలభై ఏళ్ళు చేసినవాడివి. ఈ ఒక్క రోజు చేసెయ్ కూర్మయ్యా."

"ఈ ఒక్క రోజే కదా అని కోతల కాడినుంచి చేస్తన్నాను బాబూ."

"నీవి ఇనుప కాళ్ళురా."

"ఇనుముకేటి తెలుస్తాది బాబూ?"

దాలినాయుడు నమ్మలేదు. ఒడ్డున ఉన్న బండరాయి ఎత్తి, నిన్నటిదాకా గుంజలున్న వరసలోకి విసిరాడు. రాయి నీళ్ళలో పడి ఇసుక మీద ఆగింది. అందరూ చూస్తూ ఉండగానే మెల్లగా, చప్పుడు లేకుండా, లోపలికి దిగిపోయింది. డప్పులు ఆగిపోయాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు వాళ్ళ కాళ్ళను గట్టిగా పట్టుకున్నారు.

గురమ్మ ఏటిలో దిగింది. ఇరవై ఏళ్ళుగా రోజూ దాటుతున్న కాళ్ళు. అయినా పొద్దెక్కేదాకా పట్టింది. కొత్త దారి పాతదానికి ముప్పై బారల దిగువన దొరికింది. జనం మిట్టమధ్యాహ్నం దాటారు. కాళ్ళు కాలి తిట్టుకుంటూ దాటారు. అందరూ దాటారు.

కూర్మయ్య అంతకంటే ముందే, కాళ్ళు బాగున్నప్పుడే, ఆ నాలుగెకరాలు పుచ్చుకుని ఉండాల్సింది అనేవాళ్ళున్నారు. అలా పుచ్చుకుని ఉంటే నలభై ఏళ్ళు ఆ ఏరు ఎవరు దాటించేవాళ్ళని అడిగేవాళ్ళూ ఉన్నారు. కోతల నుంచి ఆ రోజుదాకా దాచినందుకు అతన్ని క్షమించనివాళ్ళు కూడా ఉన్నారు. గురమ్మ మాత్రం పొద్దున్నే గుంజలు పట్టుకుని ఏటిలో దిగేదట.

కూర్మయ్య ఆ తరవాత మూడేళ్ళు బతికాడు. ఒడ్డున కూర్చుని గుంజలకు గడ్డి కుచ్చులు కట్టేవాడు. గురమ్మ పాతే వరస వంక చూసేవాడు. చెప్పబోయి నోరు తెరిచినప్పుడల్లా ఒక గడ్డిపోచ నోట్లో పెట్టుకుని నమిలేవాడు. పోయినప్పుడు ఆ ఒడ్డునే పూడ్చి, పైన గుంజ ఒకటి పాతారు. సాయంత్రం గురమ్మ వచ్చి దాన్నీ పీకేసింది. నియమం నియమమే అంది.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. అయినా జాతర రోజు పొద్దున ఎవరో ఒకరు చెప్పులు విడిచి కిందకి దిగి, మూడు గుంజలు పాతి, సాయంత్రం పీకేస్తారు. ఆ మూడూళ్ళలో ఇంకో అలవాటు కూడా మిగిలింది. చాలా ఏళ్ళుగా ఒకే పనిలో ఉన్నవాడు ఉండనా, మాననా అని పెద్దల్ని అడిగితే వాళ్ళు సలహా చెప్పరు. "వెళ్ళి కూర్మయ్యని అడుగు," అంటారు. అంటే మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్ళతో ఏటి ఇసుకలో నిలబడాలి. చాలామంది చెప్పులతోనే వెళ్ళి వచ్చేస్తారు, అది వేరే సంగతి.

చెప్పులు విడిచినవాడి కాళ్ళు కాలితే, గెంతుకుంటూ వచ్చి మళ్ళీ పనిలోకి పోతాడు. కాలకపోతే, కర్ర ఎవరి చేతికి ఇవ్వాలో ఆ పూటే చూసుకుంటాడు.