ఆజ్ఞరాయి తల్లి వెలసిన వైనం

పసిఫిక్ సముద్రంలోని తలోవా దీవికి వచ్చే భక్తులు రేవు నుంచి చెరుకు తోటల బాటన రెండు మైళ్ళు నడిస్తే ఆజ్ఞరాయి తల్లి సన్నిధి చేరుకుంటారు. ఇక్కడ గోపురం లేదు. రేకుల పందిరి కింద పసుపు పూసిన నడుమెత్తు రాయి, దాని అడుగున ఎన్నడూ ఎండని ఊట ఉన్నాయి. దీవిని ఏలిన గవర్నర్ల పటాలు పదిహేడు కచేరీ గోడకు వరసగా వేలాడుతున్నాయి. ఏ పటం కిందా ఈ కథ లేదు. అందుకే ఈ సన్నిధిని చూసుకునే మేము రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ విశాఖ తీరం నుంచి ఓడల్లో తెచ్చిన మన కూలీలు చెరుకు నరికేవారు. వారందరికీ తాగునీరు ఈ ఊటే. మూడవ గవర్నరు గుట్ట మీద బంగళా కట్టించి, ఊటకు గొట్టం వేయించి, నీటిని తన గులాబీ తోటకు మళ్ళించాడు. కూలీలు కాపురముండే లైన్లలో పిల్లలు జ్వరాలతో నాలుక పిడచగట్టి పడి ఉంటే ఆయనగారికి గులాబీలు ముఖ్యమయ్యాయి. చాలదన్నట్టు, గొట్టం పక్కన చెమ్మగా ఊరే చోట ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన రాయి పాతించాడు.

లైన్లలో ఇంగ్లీషు చదవగలవారు ఒక్కరూ లేరు. నీటి దగ్గర నిలువురాయి పాతితే మనవారికి అది అమ్మవారే. దొర దయ తలచి తమకోసం తల్లిని నిలిపాడనుకున్నారు పాపం. నాలుగేళ్ళ కూతురు జ్వరంతో పడి ఉన్న గవిరమ్మ అనే కూలి ముందుగా రాతికి పసుపు పూసి, బొట్టు పెట్టి, దొరికిన చెంబెడు నీళ్ళు తీసుకుపోయింది. తక్కిన ఆడవారూ అలాగే చేశారు.

సంగతి తెలిసి గవర్నరు గుర్రమెక్కి వచ్చాడు. వెంట వచ్చిన దుబాసీ జగ్గప్ప తల దించుకుని రాతిని చదివాడు. "గవర్నరు ఆజ్ఞ, కూలీలు ఈ నీరు తాకరాదు అని ఉందమ్మా. మీరు మొక్కేది దీనికా?"

గవిరమ్మ అన్నది: "చెక్కించింది ఆయనే కావచ్చు బాబూ. పసుపు పూసి పిలిచింది మేము. పిలిచాక తల్లి రాకుండా ఉంటుందా? నా బిడ్డకు నీళ్ళు కావాలి, ఆయన్ని పక్కకు జరగమను."

గవర్నరు మండిపడి రాతిని పెకలించమన్నాడు. గునపం తగలగానే దాని కింద నుంచి నీరు ఎగదన్నింది. అదే గడియలో బంగళా గొట్టం ఎండిపోయింది. గవిరమ్మ బిడ్డ బతికింది, కానీ ఆ తల్లికి మూడు నెలల ఖైదు పడింది. మరుసటి ఏడు ఓడెక్కి పోతూ కూడా ఆ పెద్దమనిషి ఒక్క క్షమాపణ చెప్పలేదు.

గుట్ట మీద ఎంత తవ్వినా నీరు పడలేదు. కొత్త గవర్నరు మనిషిని పంపి ఈ ఊటనే అడగవలసి వచ్చింది. "ఇస్తాము. ముందు ఆ రాతిని మా అందరికీ వినబడేలా చదవమనండి" అన్నది గవిరమ్మ.

నేటికీ బంగళాకు వేరే నీరు లేదు. అందుచేత వచ్చిన ప్రతి గవర్నరూ మొదటి వారంలోనే చెప్పులు విడిచి ఇక్కడికి రావాలి. ఆడపడుచులు పసుపు కడిగితే అక్షరాలు బయటపడతాయి. ఆయన పైకి చదవాలి. ఆ మాటలు చెరిపేద్దామని ఇద్దరు అడిగారు, మేము ఒప్పుకోలేదు. కిందటేడు వచ్చినవారు సగం చదివి ఆపేశారు. నిదానంగానే చదవండి, ఆగుతామని చెప్పాము.

తీర్థం మొదట అందరికన్నా చిన్నబిడ్డకు, చివర గవర్నరుకు ఇస్తారు. దీన్ని పుచ్చుకున్న పిల్లలు జ్వరాల నుంచి తేరుకుంటారని భక్తుల నమ్మకం. గవర్నరుకు కూడా దాహం తీరేదాకా పోస్తాము. ఈ నీరు తాకరాదని మేము ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.