సూదమ్మ సర్దుకుంది

కొండల నడుమ ఈతకోన అని ఒక అడవి ఉండేది. ఎలుగుబంట్లు, కోతులు, నెమళ్ళు, గబ్బిలాలు, ఉడుములు, చెవులపిల్లులు, అడవిపందులు, ముళ్ళపందులు అన్నీ అందులో కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అంటే, పోట్లాడుకుంటూనే లెండి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. దాని పేరు ఒంటిరాత్రి. వయసుకొచ్చిన ప్రతి జంతువూ వానలు తగ్గాక ఒక రాత్రి ఒంటరిగా తన వంతు గుట్ట మీద గడపాలి. పొద్దు గుంకేలోపు గుట్ట పైకి చేరాలి, తెల్లారాక దిగి రావాలి. తోడు ఎవరూ వెళ్ళకూడదు. ఏం తీసుకెళ్ళినా తనే మోసుకోవాలి. ఎవరు చేరారో, ఎవరు చేరలేదో గద్ద బాబాయి పైన చక్కర్లు కొడుతూ చూసేవాడు. ఒంటిరాత్రి గడిపినవాళ్ళకే సొంత ఇల్లు. గడపలేనివాళ్ళు మళ్ళీ ఏడాది దాకా పెద్దవాళ్ళ ఇంట్లోనే పడి ఉండాలి.

ఆ ఏడు సూదమ్మ అనే ముళ్ళపందికి ఒంటిరాత్రి వంతు వచ్చింది.

సూదమ్మకు సొంత ఇల్లు ఎంత అవసరమో చెప్తాను వినండి. పాపం, తను ఉండేది పిన్ని బొరియలో. పిన్ని, బాబాయి, వాళ్ళ ముగ్గురు పిల్లలు, సూదమ్మ. ఆరు ముళ్ళపందులు, ఒక్క బొరియ! రాత్రిపూట ఒకరు పక్కకి తిరిగితే మిగతా ఐదుగురూ "అబ్బా!" అంటూ లేచి కూర్చోవాల్సిందే. సూదమ్మ కంటినిండా నిద్రపోయి మూడేళ్ళయింది.

సరిగ్గా అప్పుడే వాగు ఒడ్డున బండకింద ఒక బొరియ ఖాళీ అయింది. రెండు వాకిళ్ళు, మెత్తటి మట్టి, ఎంత వానొచ్చినా చుక్క లోపలికి రాదు. దాన్ని చూసిన దగ్గర్నుంచి సూదమ్మకు కాలు నిలవలేదు. "ఆ ఇల్లు నాదే" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పేసింది.

ఆ ఏడు వంతు వచ్చింది ఇంకొక్కరికే. బూరుగు అనే చెవులపిల్లికి. ఆకు రాలినా ఉలిక్కిపడే రకం. ఇద్దరూ ఒంటిరాత్రి గడిపితే పెద్దది కాబట్టి ఇల్లు సూదమ్మకే దక్కుతుంది. బూరుగు అసలు గుట్ట దాకా వెళ్తుందన్న నమ్మకమే సూదమ్మకు లేదు.

ఇంకా మూడు రోజులుందనగా ఇద్దరూ ఉడుము అవ్వ దగ్గరికి వెళ్ళారు. అవ్వ వయసులో ఉండగా అడవిలోని గుట్టలన్నిటి మీదా పడుకుని వచ్చింది. వీళ్ళు వెళ్ళేసరికి ఎండలో బండను కరుచుకుని కునుకు తీస్తోంది. అలికిడికి ఒక కన్ను తెరిచింది.

"అవ్వా, ఒంటిరాత్రికి ఏం చెయ్యాలి?" అని సూదమ్మ అడిగింది.

"ఏముందే తల్లీ, ఒక్క రాత్రేగా! సర్దుకుంటే చాలు" అంది అవ్వ.

"ఓస్, అంతేనా! సర్దుకోవడంలో నా తర్వాతే ఎవరైనా" అని సూదమ్మ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

"ఒసేయ్, నా మాట అవలేదే!" అని అవ్వ వెనకనుంచి అరుస్తున్నా వినిపించుకోలేదు.

బూరుగు మాత్రం కదల్లేదు. "దేనికి సర్దుకోవాలి అవ్వా?" అని అడిగింది.

"చలికి సర్దుకోవాలి. ఆకలికి సర్దుకోవాలి. రాతి మీద పడుకుంటే నడుం నొప్పి పుడుతుంది, దానికీ సర్దుకోవాలి. అక్కడ ఇంట్లో ఉన్నట్టు ఉండదురా అబ్బాయ్. ఉన్నదాంతో సర్దుకుపోతే రాత్రి ఇట్టే గడిచిపోతుంది."

"మరి భయమేస్తే?"

"వేస్తుంది. రాత్రంతా పక్కనే కూర్చుంటుంది. కూర్చోనీ."

చూశారా పిల్లలూ! అవ్వ చెప్పిన సర్దుకోవడం వేరు, సూదమ్మ విన్న సర్దుకోవడం వేరు. ఒకరు మాట చివరిదాకా విన్నారు. ఇంకొకరు సగంలోనే లేచిపోయి సామాను సర్దుకోవడానికి పరిగెత్తారు.

అవును మరి, సూదమ్మ సామాను సర్దుతోంది. మూట కట్టే పని కూడా లేదు. వీపు నిండా ముళ్ళున్నాయి కదా, ఏది కావాలంటే అది గుచ్చుకుంటే సరి. ముందు నాలుగు దుంపలు గుచ్చుకుంది. ఇంకో నాలుగు గుచ్చుకుంది. అప్పటికి ఆపి ఉంటే బాగుండేది. కానీ అడవిలో అందరినీ "ఒంటిరాత్రికి ఇంకా ఏం కావాలి?" అని అడగడం మొదలుపెట్టింది. అడిగితే చెప్పనివాళ్ళు ఎవరుంటారు చెప్పండి!

"రాత్రిపూట నీరసం వస్తుందమ్మాయ్. తేనె లేకుండా అడుగు బయట పెట్టకు" అని ఎలుగు మామ తేనెపట్టు ముక్క ఇచ్చాడు. అది ఒక ముల్లుకు ఎక్కింది.

"చెట్టు మీంచి జారితే పట్టుకోవడానికి తీగ ఉండాలి" అంది కోతి. సూదమ్మ పుట్టి బుద్ధెరిగి చెట్టెక్కింది లేదు. అయినా "ఏమో, అవసరం పడొచ్చు" అని తీగను చుట్టగా చుట్టి తగిలించుకుంది.

"తలకిందులుగా వేలాడటానికి గట్టి కొమ్మ దొరకదు అక్కడ. ఇక్కడినుంచే పట్టుకుపో" అంది గబ్బిలం. కొమ్మ కూడా ఎక్కింది.

అడవిపంది దోమలు కుట్టకుండా పూసుకోమని బురద ఇచ్చింది. మోదుగాకులో పొట్లం కట్టి మరీ ఇచ్చింది. పొద్దున లేచి గుట్ట దిగేటప్పుడు నలుగురిలో బాగుండాలి కదా అని నెమలి ఒక ఈక ఇచ్చింది. అన్నిటికీ సూదమ్మది ఒకటే మాట. "అవసరం పడొచ్చు."

మూడో రోజుకి ఆ వీపు మీద ఒక్క ముల్లు కూడా ఖాళీగా లేదు.

"సూదమ్మా! ఎక్కడున్నావే?" అని పిన్ని కేకేసింది.

"ఇక్కడే పిన్నీ, నీ ఎదురుగానే!"

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! సామాను గుట్ట అనుకున్నానే. ఇదంతా వేసుకుని ఒకసారి వాగు దాకా నడిచి రా, చూద్దాం."

"బాగుంది! ఇప్పుడే అలిసిపోతే గుట్ట ఎలా ఎక్కుతాను?"

"ముళ్ళన్నీ కప్పుకుపోయాయి కదే. దారిలో ఎవడైనా మీదకొస్తే?"

"ఎవడొస్తాడు పిన్నీ? నేను ముళ్ళపందినని ఎవరికి తెలీదు?" అంది సూదమ్మ గర్వంగా.

ఈ మూడు రోజులూ బూరుగు ఏం చేసిందంటే, మొదటి రోజు పగటిపూట తన గుట్ట దాకా వెళ్ళి దారంతా చూసుకుంది. నీళ్ళెక్కడున్నాయి, గాలి తగలని బండ ఏది, పరిగెత్తాల్సి వస్తే ఎటు పరిగెత్తాలి, అన్నీ చూసుకుంది. రెండో రోజు రాత్రి ఇంటి బయటే ఒంటరిగా పడుకుంది. కప్ప అరిస్తే లోపలికి దూరింది. మళ్ళీ వచ్చింది. గాలి వీస్తే లోపలికి దూరింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి గుండె దడదడమంటున్నా అక్కడే ఉండి తెల్లారేదాకా గడిపింది. మూడో రోజు హాయిగా విశ్రాంతి తీసుకుంది.

ఒంటిరాత్రి రానే వచ్చింది. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ బయలుదేరారు. సూదమ్మ దున్న గుట్టకు వెళ్ళాలి, బూరుగు గొడుగు గుట్టకు వెళ్ళాలి. బూరుగు దగ్గర ఎండుగడ్డి కట్ట ఒకటి, దుంపలు రెండు ఉన్నాయి.

సూదమ్మ జాలిపడింది. "అయ్యో పాపం, అంతేనా నీ సామాను? నా దగ్గర కొమ్మ ఉంది, కావాలా?"

"ఎందుకక్కా?"

"వేలాడటానికి."

బూరుగు కొమ్మ వంక, సూదమ్మ వంక చూసింది. "వద్దులే అక్కా" అని తన దారిన చెంగున వెళ్ళిపోయింది.

సూదమ్మ కూడా నడక మొదలుపెట్టింది. నడక అని మనం అనుకోవాలి గానీ, అది నాలుగు అడుగులు వేయడం, ఆగి రొప్పడం. తేనె కారి కళ్ళలోకి వచ్చింది. ఆ తేనె కోసం చీమలొచ్చాయి. తీగ పొదకు తగులుకుంది. నెమలి ఈక ముక్కులో దూరి తుమ్ము తెప్పించింది. రెండు చెట్ల మధ్యనుంచి వెళ్ళబోతే కొమ్మ అడ్డం పడి ముందుకీ కాదు, వెనక్కీ కాదు.

సూదమ్మకు ఒళ్ళు మండింది. కొమ్మను పీకి పారేసింది. పది అడుగులు వేసింది. "తీరా పారేశాక అవసరం పడితే?" అనుకుంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ గుచ్చుకుంది. ఇలాంటివాళ్ళకు ఏం చెప్తాం!

పొద్దు చెట్ల చివళ్ళకు దిగింది. సూదమ్మ ఇంకా సగం గుట్ట కూడా ఎక్కలేదు. అప్పుడు తేనె వాసన పట్టుకుని ఒక నక్క వచ్చింది.

"ఓహో! ఎవరు పాపా నువ్వు? పందిపిల్లవా?" అని అడిగింది.

"నేను ముళ్ళపందిని! దగ్గరికొస్తే చీరేస్తాను!"

నక్క పడీ పడీ నవ్వింది. "ముళ్ళేవీ?"

సూదమ్మ ఒళ్ళు విదిలించింది. ముళ్ళపంది ఒళ్ళు విదిలిస్తే ముళ్ళు నిక్కబొడుచుకుని గలగలమనాలి. ఆ చప్పుడు వింటే చిరుతపులి కూడా దారి మార్చుకుంటుంది. కానీ అంత బరువు మీద ముళ్ళు ఎలా లేస్తాయి? దుంపలు కాస్త ఊగాయి. బురద పొట్లం పచక్కుమంది. అంతే.



"నా అదృష్టం పండింది. పందిపిల్ల దొరికింది, నంజుకోవడానికి తేనె కూడా దొరికింది! ముందు పైవన్నీ తినేస్తాను. తర్వాత నిన్ను" అని నక్క తేనెపట్టు లాక్కుంది.

"అయ్యో, అది రాత్రికి దాచుకున్నాను!" అని సూదమ్మ లబోదిబోమంది.

"నీకింకా రాత్రి ఎక్కడిది?" అంది నక్క మూతి నాకుకుంటూ.

సూదమ్మ పరిగెత్తుదామంటే బరువుకి కాళ్ళు లేవట్లేదు. నక్క ఒక దుంప లాగింది, రెండో దుంప లాగింది. అప్పుడు సూదమ్మకు వీపు మీద ఒకచోట తేలిగ్గా అనిపించింది. మెల్లగా ఒక ముల్లు లేచింది. దాని పక్కది కూడా లేచింది. సూదమ్మకు విషయం బోధపడింది.

"నక్క బావా, మొహమాటపడకు. ఆ కుడిపక్క దుంపలు ఇంకా తియ్యగా ఉంటాయి" అంది.

"నీకు మర్యాద తెలుసే!" అని నక్క కుడిపక్కకు తిరిగింది.

"కొమ్మ అడ్డంగా ఉంది, అది కూడా తీసేయ్. హాయిగా తిను."

నక్క కొమ్మ తీసి పారేసింది, తీగ లాగి పారేసింది. తినే తొందరలో తలెత్తి చూడలేదు. చివరి దుంప నోట కరిచి లాగింది. దాని కింద ముళ్ళన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. ఏడెనిమిది ముళ్ళు నక్క ముక్కులో దిగాయి.

"అమ్మోయ్! ముళ్ళపందివా నువ్వు! ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్పానుగా!" అంది సూదమ్మ.

నక్క ముక్కు పట్టుకుని కుయ్యోమొర్రోమంటూ కిందికి పారిపోయింది. సూదమ్మ మిగిలిన బురద పొట్లాన్నీ నెమలి ఈకనూ విసిరికొట్టింది. పొద్దు వంక చూసింది. గుట్ట వంక చూసింది. ఇక పరుగు మొదలుపెట్టింది. జన్మలో ఎప్పుడూ అలా పరిగెత్తలేదు. రాళ్ళు గీసుకున్నా ఆగలేదు. వాగు ఒడ్డున ఉన్న ఆ ఇల్లే కళ్ళ ముందు ఉంది.

ఇంకా పది అడుగులుంది. పొద్దు గుంకింది.

పైన తిరుగుతున్న గద్ద బాబాయి కిందికి వచ్చి రాతి మీద వాలాడు. "ఇంక ఇంటికి వెళ్ళమ్మా" అన్నాడు.

"పది అడుగులే బాబాయ్! చూడు, పదంటే పదే!"

"నిజమేనమ్మా. కానీ పొద్దు నా చేతిలో లేదు కదా."

సూదమ్మ అక్కడే కూలబడి బోరున ఏడ్చింది. గద్ద బాబాయికి కూడా బాధేసింది. అది ఏడుపు ఆపేదాకా పక్కనే ఉన్నాడు.

గొడుగు గుట్ట మీద బూరుగు పొద్దుండగానే చేరి బండ చాటున గడ్డి పరుచుకుంది. దానికి చలేసింది, ఆకలేసింది, భయం కూడా వేసింది. అన్నిటితోనూ సర్దుకుని నాలుగు గంటలు నిద్ర కూడా పోయింది. తెల్లారి కిందికి దిగింది. బండకింద ఇల్లు బూరుగుదే అయింది.

అప్పటికి సూదమ్మ పిన్ని బొరియలో ఉంది. పిన్ని పిల్లల్ని అటొకరిని ఇటొకరిని జరిపి కాస్త చోటు చేసింది. సూదమ్మ అందులో ముడుచుకుని పడుకుంది. నిద్ర పట్టలేదు.

"పిన్నీ, వచ్చే ఏడు వానలు ఎప్పుడు తగ్గుతాయి?" అని చిన్నగా అడిగింది.

"ముందు ఈ ఏడు చలికాలం రానీవే తల్లీ" అంది పిన్ని.

నీతి: అక్కర్లేని బరువు మోసేవాడికి, అక్కర పడ్డప్పుడు సొంత బలం కూడా పనికిరాదు.