బల్లి పలికిన దూలం

అనగనగా ఒక ఇల్లు. రాజుగారి మేడ కాదు, మంత్రిగారి లోగిలీ కాదు. ఏటి ఒడ్డున గవ్వలపాలెం అనే ఊళ్ళో ఒక పాత పెంకుటిల్లు. కథ రాజుదైతే యుద్ధాలుంటాయి, మంత్రిదైతే ఎత్తులుంటాయి. ఇది ఇంటి కథ కాబట్టి ఇందులో ఒక దూలం ఉంది. వినండి. చెబుతుంటే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను.

ఆ ఇల్లు బెల్లం వర్తకుడు పెంచలశెట్టిది. ఇంట్లో ఉండేది ముగ్గురు. పెంచలశెట్టి, ఆయన కొడుకు మాలకొండయ్య, కోడలు చెంగమ్మ. శెట్టి భార్య ఏనాడో కాలం చేసింది. అందుచేత ఊడ్చేదీ, అలికేదీ, వండేదీ, ఏ మూల ఏం చెడిందో కనిపెట్టేదీ చెంగమ్మే.

నాలుగో ప్రాణి కూడా ఒకటుంది. నడిమింటి దూలం మీద కాపురముండే బల్లి.

మీకు తెలుసు గదా, మనం ఏదైనా మాట అనగానే బల్లి పలికితే, పెద్దవాళ్ళు నేల మీద వేలితో తట్టి "సత్యం" అంటారు. సరదాకి అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. పెంచలశెట్టి మాత్రం ఆ బల్లిని ఇంటికి మంత్రిని చేసి కూర్చోబెట్టాడు.

ఇంతకీ ఆయన తెలివితక్కువవాడా అంటే, కాదు. అంగట్లో బెల్లం దిమ్మని పగలగొట్టి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని గాని కొనడు. అలాంటి మనిషి ఇంటికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని చెవులు మాత్రం తెరుచుకునేవాడు. అదీ బల్లి కోసం!

ఆ ఏడు చైత్రమాసంలో చెంగమ్మకి అయిదో నెల. ఆమెకు పుట్టింట తల్లి లేదు. పురుడు అత్తవారింట్లోనే అనుకున్నారు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఉయ్యాలని నడిమింటి దూలానికి కట్టాలి. శెట్టి ఊగిందీ ఆ దూలం కిందే, మాలకొండయ్య ఊగిందీ ఆ దూలం కిందే.

ఒకనాటి పొద్దున చెంగమ్మ బూజు దులుపుతోంది. బూజుకర్ర దూలానికి తగిలింది. గట్టి చెక్క మోగినట్టు మోగలేదు, ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. పైనుంచి ఎర్రమన్ను జలజలా రాలింది. ఆమె ఆ మన్నుని చేటలోకి ఎత్తి మామగారి ముందు పెట్టింది.

"మామా, దూలానికి చెద పట్టింది. వడ్రంగిని పిలిపించండి. రేపు బిడ్డని దీని కిందే గదా పడుకోబెట్టాలి!"

శెట్టి ఆ మన్ను వైపు చూడనైనా చూడలేదు. తల పైకెత్తి, కళ్ళు మూసుకుని అన్నాడు.

"మా నాయన వేసిన దూలం. ఇంకో పదేళ్ళు ఉంటుంది గదా?"

కాసేపు ఆగాడు. టిక్కు, టిక్కు, టిక్కు అని బల్లి పలికింది.

"సత్యం!" అని అరుగు మీద వేలితో తట్టి, శెట్టి అంగడికి వెళ్ళిపోయాడు. మాలకొండయ్య కండువా దులుపుకుని తండ్రి వెనకాలే నడిచాడు. మన్ను చేట అక్కడే అలాగే ఉండిపోయింది.

చూశారా ఆ అడగడంలో గడుసుతనం? "ఉంటుంది గదా" అంటాడేగాని, "మార్చాలి గదా" అని ఒక్కనాడూ అడగడు. తనకు పని తప్పే ప్రశ్న వేస్తాడు, బల్లి పలికేదాకా కాచుకుంటాడు. ఎంతసేపైనా సరే! బల్లి ఎప్పుడో ఒకప్పుడు పలకక ఏం చేస్తుంది?

ఆషాఢం వచ్చింది. తొలకరి పడింది. చెంగమ్మకి ఎనిమిదో నెల. నడిమింటి తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తోస్తే రాదు, లాగితే కదలదు. ఆమె గడప దగ్గర నిలబడి పైకి చూసింది. దూలం నడుమ జానెడు కిందికి వంగింది. దాని బరువంతా ద్వారబంధం మీద పడుతోంది.

ఈసారి మొగుడికి చెప్పింది.

"ఏమయ్యా, దూలం వంగింది. ముట్టుకుని చూడు. నేనేమన్నా కల్లలాడుతున్నానా?"

మాలకొండయ్య బల్ల ఎక్కి ముట్టుకున్నాడు. అతని వేలు చెక్కలోకి దిగింది. అయినా ఏమన్నాడో తెలుసా?

"నిజమే చెంగమ్మా. కానీ నాయన మాట కాదనేది ఎట్లా?"

వేలు దిగినా మాట రాలేదు ఆ మహానుభావుడికి! అంతలో శెట్టి రానే వచ్చాడు. సంగతి విన్నాడు. తల పైకెత్తాడు.

"తలుపు వానకి ఉబ్బింది, అంతే గదా?"

టిక్కు, టిక్కు, టిక్కు.

"సత్యం!"

ఆ రోజు తండ్రీకొడుకులు అంగడికి పోయాక చెంగమ్మకి కడుపు మండిపోయింది. బూజుకర్ర తీసుకుని దూలం కింద నిలబడింది.

"ఓసి పాపిష్టి బల్లీ! నా బిడ్డ ప్రాణం మీదికి తెస్తున్నావు. నీకేం అపకారం చేశాను?"

బల్లి తల బయటికి పెట్టింది. దానికీ కోపం వచ్చినట్టుంది, తోక టపటపా కొట్టింది. తర్వాత మనిషిలాగానే మాట్లాడింది.

"నన్నెందుకు తిడతావు అమ్మాయ్? నేను మీ మామకి కొలువు చేస్తున్నానా? జీతం తీసుకుంటున్నానా? నా తిండి నాకు దొరికింది, సంతోషం కొద్దీ పలికాను. నా పలుకుకి అర్థం ఆయన కట్టుకున్నాడు. ఆ పాపం నా నెత్తిన రుద్దుతారా!"

"ఏం తిండి దొరికింది నీకు?"

"చెదలు! పోయిన ఏడు చీపురుపుల్లలా ఉన్నాను. ఇప్పుడు చూడు నా పొట్ట! వంటింటి దూలం మీద నేనెప్పుడైనా పలికానా? అక్కడ నాకేముంది గనక! ఇక్కడే ఎందుకు పలుకుతున్నానో మీ ఇంట్లో ఒక్కరైనా ఆలోచించారా?"

చెంగమ్మ చేతిలో కర్ర కిందికి దిగింది. బల్లి పలికిన ప్రతిసారీ దూలం ఇంకొంచెం గుల్లవుతోందన్నమాట. మామగారు సత్యమని తట్టిన ప్రతిసారీ!

"మరి ఆ ముక్క నువ్వే ఆయనకి చెప్పరాదా?" అంది.

"నోరున్న మనిషి చెప్పినా వినని ఇంట్లో, బల్లి చెబితే ఏం వింటారు? నువ్వే చెప్పు. చెవికి చెప్పి లాభం లేకపోతే కంటికి చూపించు" అని బల్లి పెంకుల సందులోకి దూరిపోయింది.

శ్రావణంలో చెంగమ్మ ఆడపిల్లని కన్నది. పిల్ల బంగారుబొమ్మ. భాద్రపదంలో ఇరవై ఒకటో రోజు వచ్చింది. పొద్దున్నే నడిమింట్లో ఉయ్యాల కట్టారు. గొలుసులకి బంతిపూలు చుట్టారు. వీధిలో వాళ్ళందరూ పసుపు కుంకాలతో వచ్చారు. శెట్టి కొత్త పంచె కట్టుకుని, మనవరాలి కోసం చేతులు చాచాడు.

చెంగమ్మ బిడ్డని ఇవ్వలేదు.

"ముందు పొత్రం" అంది.

అందులో వింత లేదు. బిడ్డ కంటే ముందు ఉయ్యాలలో రాతిపొత్రాన్ని పడుకోబెట్టి ఊపడం ఆ వీధి ఆచారమే. బిడ్డ రాయిలాగా గట్టిగా ఉండాలని. శెట్టి సరేనని, పసుపు నూరుకునే చిన్న పొత్రం తెమ్మన్నాడు.

"అది కాదు మామా. రుబ్బురోలు పొత్రం."

"అంత బరువా? అదెందుకు?"

"బిడ్డ పెరగదా మామా? దీంట్లో రెండేళ్ళు ఊగాలి గదా!"

నలుగురిలో కాదనలేకపోయాడు. మాలకొండయ్య, పక్కింటాయన కలిసి ఆ పొత్రాన్ని మోసుకొచ్చి ఉయ్యాలలో పెట్టారు. చెంగమ్మ అందరినీ వసారాలోకి పంపింది. ఉయ్యాలకి పొడుగాటి మోకు కట్టించి, దాని కొస మామగారి చేతికిచ్చింది. గడప ఇవతల నిలబెట్టింది.

"మీ దూలం గట్టిదంటున్నారు గదా. ఊపండి. మూడుసార్లు ఊగి నిలిస్తే, నా బిడ్డని నా చేతులతో నేనే పడుకోబెడతాను."

శెట్టి తల పైకెత్తాడు. అప్పుడు కూడా! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

"గట్టిదే గదా?"

టిక్కు, టిక్కు, టిక్కు.

"సత్యం!" అన్నాడు శెట్టి. వసారాలో వాళ్ళు కూడా తలా ఒక వేలు తట్టారు.

మోకు లాగాడు. ఒకసారి ఊగింది. మన్ను రాలింది. రెండోసారి ఊగింది. పైన ఎక్కడో కిర్రుమంది. బల్లి గోడ మీదుగా పరుగెత్తి వీధిలోకి దూకింది. మూడోసారి లాగేసరికి ఫెళ్ళుమంటూ దూలం నడుమకి విరిగింది. వాసాలు, పెంకులు, మన్ను అన్నీ ఉయ్యాల మీద పడ్డాయి. పొత్రం నాపరాతిని పగలగొట్టుకుని నేలలో దిగబడింది. విరిగిన దూలంలోంచి చెదలు బియ్యం ఒలికినట్టు ఒలికాయి.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. చెంగమ్మ చంకలో పిల్ల కెవ్వుమని ఏడుస్తోంది.

అప్పుడు వసారాలోంచి ఒక ముసలమ్మ అంది. "ఎంత అదృష్టజాతకురాలమ్మా పిల్ల! జాతకం బాగుండబట్టి బతికింది."

చెంగమ్మ గిరుక్కున తిరిగింది.

"జాతకం కాదు పెద్దమ్మా! చైత్రంలో మన్ను చేటకెత్తి చూపించాను. ఆషాఢంలో వంగిన దూలం చూపించాను. ఆరు నెలలుగా గొంతు పోయేట్టు చెబుతున్నాను. ఊడ్చేదాన్ని నేను, దులిపేదాన్ని నేను. ఏది కూలుతుందో నాకు తెలియక బల్లికి తెలుస్తుందా? ఆ రాయి ఉన్నచోట నా బిడ్డ ఉంటే, అప్పుడు కూడా సత్యం అని వేలు తట్టేవాళ్ళా మీరు?"

ఎవరి వేలూ కదల్లేదు. మాలకొండయ్య తల వంచుకున్నాడు.

"నా వేలు దిగింది నాయనా" అన్నాడు మెల్లగా. "ఆషాఢంలోనే దిగింది. నేనే నోరు విప్పలేదు."

పెంచలశెట్టి చేతిలో మోకు జారిపోయింది. ఆయన పగిలిన నాపరాతి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. గడప మీద కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు. ఈసారి పైకప్పు వంక చూడలేదు, కోడలి మొహంలోకి చూశాడు.

"అమ్మా, మిగతా దూలాలు ఎట్లా ఉన్నాయి?"

ఆ ఇంటి గురించి ఆయన ఒక మనిషిని అడగడం అదే మొదలు.

"వంటింటిది గట్టిగా ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. పడమటి గదిది సగం పోయింది. ముసురు పట్టకముందే వడ్రంగిని పిలవండి. పాత చెక్క మళ్ళీ వాడొద్దు, కొత్త దూలం గోడలో కూర్చునేచోట తారు పూయించండి" అంది చెంగమ్మ, బిడ్డని భుజాన వేసుకుని.

ఆ సాయంత్రానికే వడ్రంగి వచ్చాడు. ఏం చేయాలో చెంగమ్మ చెబుతుంటే శెట్టి పక్కన నిలబడి విన్నాడు.

చివరికి అంతా మంచే జరిగింది గదా, ఇంకా కోపమెందుకు అంటారేమో. నా కోపం చల్లారదు. కళ్ళెదుట మనిషి నెలల తరబడి చెబుతుంటే వినని వాళ్ళకి, ఒక ఇల్లు కూలితేగాని చెవులు రాలేదు.

పిల్లలూ, ఇంటి సంగతి తేల్చుకోవలసి వస్తే ఆ ఇంటిని రోజూ చూసే మనిషిని అడగండి. మనం వినాలనుకున్న జవాబు చెప్పినంత మాత్రాన ఏ చప్పుడూ సత్యం అయిపోదు.