పుల్లమ్మ నేర్చుకున్న జవాబు

కొండవాలున మేకల దొడ్డి. అందులో పుల్లమ్మ అనే మేక, దాని పిల్ల చుక్కడు. వేటకుక్కలు మందమీద పడ్డ రోజు నుంచి చుక్కడు సరిగా తినడు, అరవడు. ఆకు కదిలినా కొయ్యలా బిగుసుకుపోతాడు.

వాగు అవతల గాడిద తాత ఉన్నాడు. బెదిరిన పిల్లల్ని కుదుటపరచడం ఆయన పని. పుల్లమ్మ రోజూ పిల్లను అక్కడ దింపి వెనుదిరిగేది.

"నువ్వూ కాసేపు కూర్చో తల్లీ," అనేవాడు తాత.

"బెదురు వాడికి కదా తాతా! నాకు మేత ఉంది."

మేత సాకు. కుక్కలొచ్చినప్పుడు పిల్లను వదిలి ముందు పరిగెత్తింది తనే. ఆ మాట ఎక్కడ అడుగుతాడోనని దడ.

ఒకనాడు దారిలో నక్క పలకరించింది.

"ఏం వదినా, పిల్లాడికి పిచ్చట కదా?"

"పిచ్చి కాదు. బెదురు."

"ఏదైతేనేం. గాడిదకేం తెలుసు గంధపు వాసన! నువ్వక్కడ కూర్చున్నావో, తప్పంతా నీదే అంటాడు. మంద మందంతా నవ్వుతుంది. రేపటి నుంచి వాణ్ణి ఒక్కణ్ణే పంపు. దారిలో నేను కనిపెట్టుకుని ఉంటాగా!"

నక్క కాపలా ఎలాంటిదో మేకకు తెలియదా? తెలుసు. సిగ్గు కళ్ళకు అడ్డం పడింది.

మర్నాడు దొడ్డి గుమ్మంలో, "వెళ్ళిరా నాన్నా," అంది. చుక్కడు కదల్లేదు. ముంగాలితో నేలను మూడుసార్లు తట్టి తల్లి ముఖంలోకి చూశాడు. మళ్ళీ తట్టాడు. మళ్ళీ చూశాడు.

"ఏంట్రా?"

చెప్పడు. ఇక చేసేది లేక వాణ్ణి వెంటబెట్టుకుని వాగు దాటింది.

"ఇదేం నేర్పావు తాతా వీడికి?"

"భయమేసినప్పుడు 'అమ్మా, ఉన్నావా?' అని అడగడం."

"మరి జవాబు?"

"అది నేర్పలేదు. నెలరోజులు పిలిచినా కూర్చోలేదు నువ్వు. ఇలాగైనా వస్తావని." తాత చెవులూపి నవ్వాడు. "నేను తట్టినా వాడి గుండెకు ఆనదమ్మా. తట్టాల్సింది నువ్వు."

పుల్లమ్మ కూర్చుంది.

"ఆ రోజు నేను పరిగెత్తాను తాతా."

"కుక్కను చూస్తే మేక పరిగెత్తదూ? తిరిగొచ్చావా?"

"వచ్చాను."

"అది నాకు కాదు, వాడికి చెప్పు."

చెప్పింది. చుక్కడు విన్నాడు.

తిరుగుదారిలో పొద వెనక నక్క కాచుకుని ఉంది. తల్లిని చూసినా వెనక్కి తగ్గలేదు. 'దీని పరుగు సంగతి నాకు తెలియనిదా!' అనుకుని ఎదుటికి దూకింది.

చుక్కడు బిగుసుకుపోయాడు. కాలు మాత్రం కదిలింది. మూడుసార్లు.

పుల్లమ్మ ఈసారి పరిగెత్తలేదు. పిల్లకు ఆనుకుని నిలబడి తనూ మూడుసార్లు తట్టింది.

అంతే, చుక్కడి గొంతు పెగిలింది. కొండ మారుమోగేలా అరిచాడు. కొండవాలున మేస్తున్న మందలోని పోతుమేకలు కొమ్ములు దించి దూసుకొచ్చాయి.

"సరదాకి వదినా, సరదాకి!" అంటూ నక్క ముళ్ళకంపలో పడి, సగం బొచ్చు అక్కడే వదిలి పారిపోయింది.

చుక్కడి బెదురు పూర్తిగా పోయిందా అంటే, లేదు. ఉరిమితే ఇంకా తల్లి పొట్ట కిందికి జరుగుతాడు. కానీ ఆ సాయంత్రం నాలుగు తుమ్మకాయలు నమిలి, ఐదోది తల్లి మూతి దగ్గరికి నెట్టాడు.

నీతి: బిడ్డ బెదురుకు మందు వైద్యుడిదైనా, దాన్ని రంగరించే తేనె కన్నవాళ్ళే తేవాలి.