కోనభూపతి నీలంలో చుక్క

వెనకటికి మణిదుర్గాన్ని కోనభూపతి అనే రాజు ఏలేవాడు. మంచివాడే గానీ, వాన కురిసినా తన మెప్పు కోసమే కురిసిందనుకునే రకం.

ఒకనాడు మారిసెట్టి అనే ఓడ వర్తకుడు సింహళం నుంచి ఒక నీలం తెచ్చి రాజుకు సమర్పించాడు. నేరేడు పండును సగానికి కోసి బోర్లించినట్టు నున్నగా, గుండ్రంగా ఉందది. రంగు చూస్తే మబ్బు పట్టిన సముద్రం. రాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లాడు. ఎండ పొడ పడీ పడగానే రాతి నడుమ ఆరు రేకల చుక్క మేలుకుంది. చెయ్యి తిప్పితే చుక్క రాతి మీద మెల్లగా జరిగింది. రాజు మళ్లీ మళ్లీ చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

తేరుకున్నాక అతనికి తోచిందొక్కటే. ఆకాశంలో చుక్క తన్ను చూడడానికే దిగి వచ్చిందని. ఆ సంగతి లోకానికి తెలియాలని మర్నాటి సాయంత్రం నిండు సభ తీర్చాడు. స్తంభాలకూ గోడలకూ ఎక్కడా ఖాళీ లేకుండా దీపాలు పెట్టించాడు. నీలాన్ని పైకెత్తి చూపించాడు.

చుక్క లేదు. ఏటి ఒడ్డు గులకరాయిలా ఉంది నీలం. వెనక వరుసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

రాజు ముఖం కందగడ్డయింది. వర్తకుడు రాయి మార్చేశాడని, వాడి కుడిచెయ్యి నరకమని ఆజ్ఞాపించాడు. అదే రాయని సభలోనే ఉన్న మారిసెట్టి చెప్పబోయాడు గానీ ఎవరూ వినలేదు. భటులు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు.

అప్పుడు రాణిగారి ఆస్థానంలోని మల్లసాని లేచింది. మాటకారి అని ఆమెకు పేరు. చుక్కను దాచినవాళ్లు ఈ సభలోనే ఉన్నారనీ, ఒక్క గడియ భటులను తన మాట వినమంటే పట్టిస్తాననీ విన్నవించుకుంది. దాచిన వారిని ఇక్కడికి రప్పించిన వారికి మాత్రం దేవరవారే శిక్ష వెయ్యాలంది. రాజు సరేనన్నాడు.

ఆమె భటుల చేత దీపాలన్నీ ఆర్పించసాగింది. సభ మసకబారి, చీకటి కమ్మింది. చివరికి మిగిలిన ఒక్క ప్రమిదను తనే అందుకుని రాజు అరచేతి మీదికి వంచింది.

నీలంలో చుక్క విచ్చుకుంది. పట్టుపోగుల్లాంటి ఆరు సన్నని వెలుగులు. ఆమె దీపం జరిపితే చుక్కా జరిగింది.

"దాచింది ఎవరు?" రాజు గొంతు బాగా తగ్గింది.

"దీపాలే ప్రభూ. ఈ రాతిలో కంటికి ఆనని పోగులున్నాయి. ఒక్క వెలుగు తాకితే అవి చుక్కవుతాయి. నాలుగు వైపుల నుంచీ వెలుగు పడితే చుక్క చెదిరిపోతుంది. ఇక ఇన్ని దీపాలు పెట్టించిన వారికి శిక్ష సెలవివ్వండి."

ఏమైనా చుక్క చూసేది తన వైపే కదా అన్నాడు రాజు. మల్లసాని నీలాన్ని మారిసెట్టి చేతిలో పెట్టమని వేడుకుంది. భటులు వదిలాక అతను చెయ్యి చాపాడు. చుక్క ఎవరిని చూస్తోందని ఆమె అడిగింది.

"నన్నేనమ్మా," అన్నాడు మారిసెట్టి. అతని కళ్లలో నీళ్లు నిండాయి.

రాజు ఆ ముఖం వంక చూసి, తన వెర్రి తనకే తెలిసి పగలబడి నవ్వాడు. "మల్లసానీ, నేరస్థుణ్ణి పట్టిచ్చావు. శిక్ష నాకు నేనే వేసుకుంటాను," అంటూ మెడలోని ముత్యాల హారం తీసి ఆమెకిచ్చి, ప్రమిద తను అందుకున్నాడు. మారిసెట్టికి క్షమాపణ చెప్పి, అతని భుజం మీద తన పట్టుశాలువా కప్పాడు.

తర్వాత సభలో ఒక్కొక్కరి చేతికీ నీలం వెళ్లింది. ఒక్కొక్కరి దగ్గరా రాజు దీపం వంచి నిలబడ్డాడు. మంత్రి చూశాడు, ద్వారపాలకుడు చూశాడు, చామరం వీచే ముసలమ్మ చూసింది. అందరూ నన్నే చూస్తోందన్నారు.

చిట్టచివర తన వంతు వచ్చింది. కోనభూపతి దీపం మల్లసానికిచ్చి, పసివాడిలా రెండు చేతులూ దోసిలి పట్టాడు.