వజ్రమ్మ కడిగేసిన నల్ల పప్పు

అమ్మలూ, పడుకున్నావా? ఫోను దిండు పక్కన పెట్టుకో, చెవికి ఆనించుకోమాక, వేడెక్కుతుంది. దుప్పటి గడ్డం దాకా లాక్కో. మధ్యమధ్యలో ఊఁ కొట్టు. నాకిక్కడికి వినపడదనుకో, అయినా కొట్టు. ఊఁ కొట్టకపోతే కథకి నడవబుద్ధి కాదు.

మీ అమ్మ చెప్పిందిలే, ఇవాళ కుక్కరు కూత పెడితే బాత్రూంలోకి పరిగెత్తి తలుపేసుకున్నావంట. పర్లేదు. నీకంటే చాలా పెద్దాయన, ఇంతింత మీసాలున్నాయన, ఆయనా అట్టాగే దాక్కునేవాడు. ఆయన కథే ఇది.

అనగనగా, కాలవ గట్టు కింద ఒక ఊళ్ళో వజ్రమ్మ అని ఒకావిడ ఉండేది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఎవరన్నా ఒక మాట మొదలుపెడితే, మిగతా సగం తనే పూర్తి చేసేసేది. ఆవిడ మొగుడు సాంబయ్య. నెమ్మదస్తుడు. పాము కనపడినా భయపడడు, ఎద్దు కుమ్మడానికొచ్చినా భయపడడు. కుక్కరంటే మాత్రం భయం. పక్కింట్లో కూత పెట్టినా సరే, తలుపు చాటుకి చేరేవాడు. అందుకని వాళ్ళింట్లో కుక్కరే లేదు. పప్పైనా గిన్నెలోనే, అన్నమైనా గిన్నెలోనే.

వాళ్ళకి ఒక వరిచేను ఉంది. చిన్నదే. ఆ చేలో పండిన వడ్లే ఏడాదంతా వాళ్ళకి అన్నం. అవి ఇంటికి రాకపోతే ఇంక అన్నం లేదన్నమాట.

ఇప్పుడు కొడవళ్ళతో ఎవరు కోస్తున్నార్లే అమ్మలూ. కోత మిషన్లొస్తాయి. ఎక్కడో పంజాబు నుంచి, ఇల్లంత మిషను, రోడ్డెంబడే నడుపుకుంటూ వస్తారు. ఆ ఊరికి ఏటా మిషను తోలుకొచ్చే ఆయన పేరు గుర్నామ్ సింగ్. నెత్తిన తలపాగా, గుండెల దాకా గడ్డం. వచ్చీ వచ్చీ తెలుగు నేర్చుకున్నాడు. వజ్రమ్మని అక్కా అనేవాడు. వాళ్ళింటి పక్క రేకుల షెడ్డులోనే దిగేవాడు. పిండి డబ్బా, పెనం, సొట్టలు పడిన పెద్ద కుక్కరు, అన్నీ ట్రాలీలో వేసుకుని వెంట తెచ్చుకునేవాడు.

ఆ ఏడు ఏమైందీ? ఊళ్ళో చేలన్నీ కోసేశాడు. వజ్రమ్మ చేను ఒక్కటే మిగిలింది. అప్పుడు గుర్నామ్‌కి జ్వరం తగిలింది. రెండో డ్రైవరేమో చెల్లెలి పెళ్ళని అంతకుముందే పంజాబు వెళ్ళిపోయాడు. మిషను షెడ్డు ముందు అట్టాగే నిలబడిపోయింది.

అప్పుడే టీవీలో తుఫాను వస్తోందని చెప్పారు. సాంబయ్య సైకిలేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. ఒక్క మిషనూ ఖాళీ లేదు. కూలోళ్ళని పిలుద్దామంటే, ఎవరి వడ్లు వాళ్ళు ఇంట్లోకి చేర్చుకునే హడావుడిలో ఉన్నారు.

ఆ తర్వాత సూది మందు వేసే డాక్టరొచ్చి గుర్నామ్‌ని చూశాడు. "జ్వరం దిగిపోయిందమ్మా. ఇంకే జబ్బూ లేదు. కడుపులో ఇంత పడితే లేచి తిరుగుతాడు, పడకపోతే ఇట్టాగే పడుంటాడు" అన్నాడు.

"తిండేగా! నేను పెడతా" అంది వజ్రమ్మ.

మొదటి రోజు మిరియాల చారు పెట్టి, మెత్తగా అన్నం కలిపి తీసుకెళ్ళింది. గుర్నామ్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళెంబడి నీళ్ళు, ముక్కెంబడి నీళ్ళు. పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆకాశంలో దూదిపింజల్లాంటి మబ్బులొచ్చాయి.

రెండో రోజు జావ కాచింది. ఒక గుక్క తాగాడు, గ్లాసు కింద పెట్టేశాడు. మబ్బులు బూడిద రంగుకొచ్చాయి.

మూడో రోజు రొట్టె, పాలు. మనకి జ్వరమొస్తే పెడతారు చూడు, ఆ బ్రెడ్డే. దాని వంక చూసి, "అక్కా, ఇది రొట్టె కాదు, స్పాంజి" అన్నాడు. మబ్బులు నల్లబడ్డాయి.

అప్పుడు వజ్రమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. "పోనీ ఏం తింటావో నువ్వే చెప్పవయ్యా!" అంది.

గుర్నామ్ కళ్ళు మూసుకునే చెప్పాడు. "మా అమ్మ చేసే నల్ల పప్పు. దాని వాసన తగిలితే చాలు, లేస్తా."

"నల్ల పప్పంటే పొట్టు మినప్పప్పేగా! మా ఇంట్లో ఉంది."

"అదే. నానబెట్టి, కుక్కర్లో... కానీ అక్కా, పొట్టు..."

"పొట్టు సంగతి నాకు తెలవదా? మినప్పప్పు గురించి నాకు చెప్తావా? ఊహ తెలిసినప్పట్నుంచీ గారెలొండుతున్నా! నువ్వు పడుకో."

పాపం ఆయనకి వాదించే ఓపిక ఎక్కడిదీ? పడుకున్నాడు.

వజ్రమ్మ ఇంట్లో ఉన్న పొట్టు పప్పంతా నానబోసింది. అది నానాక ఏం చేసిందో తెలుసా? అమ్మమ్మ గారెలకి ఏం చేస్తుంది? రెండు చేతులతో పిసికి, నీళ్ళు పోసి, పొట్టంతా పైకి తేలితే వంచేస్తుందిగా. ఆవిడా అదే చేసింది. ఆవిడ చెయ్యలేదు అసలు, చేతులే చేసుకుపోయాయి. ఒక్క నల్ల పలుకు లేకుండా, మల్లెపూవులా తెల్లగా కడిగేసింది. ఆ పొట్టంతా ఒక బేసిన్లోకెత్తి, "ఇదిగో, గేదెకి పెట్టిరా" అని సాంబయ్య చేతికిచ్చింది.

వాళ్ళ గేదె దొడ్లో ఉంటుంది. దొడ్లోకి ఇంట్లోంచైతే వంటింట్లోంచే దారి. వంటింట్లో చూస్తే స్టవ్వు మీద గుర్నామ్ కుక్కరు!

సాంబయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "కూత పెట్టాక పోతాలే" అన్నాడు.

"ఇంకా పెట్టలేదుగా, ఇప్పుడే పో."

"పెట్టలేదనే భయం. ఎప్పుడు పెడుతుందో తెలవదుగా!"

"నీ మీసాలు ఎందుకయ్యా, గొరిగించెయ్!" అంది వజ్రమ్మ. సాంబయ్య బేసినుతో సహా తలుపు చాటుకి పోయాడు.

అప్పుడు వజ్రమ్మ కుక్కరు ముందు కూర్చుంది. ఎంతసేపటికీ కూత రాదు. చుట్టూతా ఆవిరి బుస్సుమంటోంది, మూత పక్కల్నుంచి నీళ్ళు కారుతున్నాయి. స్టవ్వు కట్టేసి, షెడ్డులోకి పరిగెత్తింది. "మూత లోపల రబ్బరు పెట్టావా అక్కా? ట్రాలీలో మేకుకి తగిలించుంది" అన్నాడు గుర్నామ్. రబ్బరు తెచ్చి, ఆవిరి పోయిందాకా ఆగి, మూత తీసి, రబ్బరు పెట్టి మళ్ళీ ఎక్కించింది.

ఆ తర్వాత మొదటి కూత. గోడ మీద కాకి ఎగిరిపోయింది. రెండో కూత. దొడ్లో గేదె అంబా అని అరిచింది. మూడో కూత. తలుపు చాటున సాంబయ్య చతికిలబడిపోయాడు.

కాసేపాగి వజ్రమ్మ మూత తీసింది. పప్పు వెన్నలా ఉడికింది. ఉప్పేసి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు పెట్టి చుయ్యిమని తాలింపేసి, గిన్నెలో పోసుకుని గర్వంగా తీసుకెళ్ళింది.

గుర్నామ్ లేచి కూర్చున్నాడు. గిన్నెలోకి చూశాడు. వజ్రమ్మ వంక చూశాడు. మళ్ళీ గిన్నెలోకి చూశాడు.

"అక్కా, ఇదేం పప్పు?"

"నీ నల్ల పప్పే!"

"మరి నలుపేదీ?"

"కడిగేశాగా! ఎంత శుభ్రంగా కడిగానో చూడు, ఒక్క పొట్టుంటే చెప్పు!"

గుర్నామ్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆ నలుపే అక్కా మా పప్పు. రంగు అందులోనే, వాసనా అందులోనే. పొట్టు తియ్యమాక అని చెప్దామనే అప్పుడు మొదలుపెట్టా" అని మళ్ళీ పడుకున్నాడు.

వజ్రమ్మ గబగబా లెక్కేసుకుంది. ఇంట్లో ఇంక పొట్టు పప్పు లేదు. తుఫానని కొట్టు కూడా మూసేశారు. పొట్టేమో గేదెకి పెట్టమని తనే పంపించింది. అప్పుడు వజ్రమ్మ గిన్నె అక్కడే పెట్టి, షెడ్డు వెనక నుంచి దొడ్లోకి పరుగో పరుగు.

తొట్టి ఖాళీ. గేదె తొట్టి అడుగు నాకుతోంది.

వజ్రమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని తొట్టి పక్కనే కూలబడింది. "నువ్వు తిన్నది పొట్టు కాదే తల్లీ, మా చేను తినేశావే!" అంది. పైన మబ్బులు గుడగుడమన్నాయి.

అప్పుడు ఇంట్లోంచి సన్నగా ఒక గొంతు. "వజ్రం... కూతలైపోయినట్టేనా?"

సాంబయ్య మెల్లిగా దొడ్డి గుమ్మంలోకొచ్చాడు. చంకలో చంటిపిల్లాణ్ణెత్తుకున్నట్టు, బేసిను గుండెకి అదుముకుని ఉన్నాడు.

"ఏందది?" అంది వజ్రమ్మ.

"నువ్విచ్చిందే. పొట్టు. ఇదిగో, ఇప్పుడు పెట్టేస్తున్నా. అరవమాక."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వజ్రమ్మకి మాట రాలేదు అమ్మలూ. గబగబా వెళ్ళి బేసిన్లోకి తొంగి చూసింది. పొట్టంతా అట్టాగే ఉంది, నల్లగా, నిగనిగలాడతా. ఆవిడకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నీ భయం చల్లగుండా! ఇటివ్వు, ఇటివ్వు" అని లాక్కుంది. గేదె మాత్రం రెండోసారి అంబా అంది. దానికి కోపం రాదా మరి.

ఆ తర్వాత గుర్నామ్ దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆయన చెప్తుంటే వజ్రమ్మ మాట మాటా చివరిదాకా వింది. ఇందాకటి తెల్ల పప్పులోంచి కరివేపాకు, ఎండుమిరపకాయ ఏరి పక్కన పెట్టింది. పొట్టు కడిగి పప్పులో కలిపింది. అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ నెయ్యిలో వేయించింది. టమాటాలు మగ్గించింది. అదంతా కుక్కర్లో పోసింది. అలవాటు కొద్దీ చెయ్యి చింతపండు డబ్బా మీదికి పోయింది.

"అక్కా, వద్దు."

"ఒక్క రెబ్బ."

"సగం రెబ్బ కూడా వద్దు."

"మరి రుచెట్టా వస్తుందయ్యా?" అనుకుంటూనే డబ్బా మూసేసింది.

కుక్కరు ఎక్కించారు. సాంబయ్య మెల్లిగా లేవబోయాడు. గుర్నామ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో బావా. అది మన మీద కోపంతో అరవట్లేదు. లోపల ఆవిరి ఎక్కువైంది, కాస్త బయటికి పోనీమంటోంది, అంతే. పోయాక చూడు, ఎంత బుద్ధిగా ఉంటుందో. మూత మటుకు మనం తొందరపడి తియ్యకూడదు."

సాంబయ్య ఆలోచించాడు. "అంటే, అచ్చం మా వజ్రం లాగే!"

"ఏందీ?" అంది వజ్రమ్మ.

"ఏం లేదు, ఏం లేదు." అప్పుడు గుర్నామ్ నవ్వాడు చూడూ, గడ్డమంతా ఊగేటట్టు! ఇన్నాళ్ళకి అదే మొదటి నవ్వు.

కూతలయ్యాయి. మంట తగ్గించారు. బయట సాయంత్రమైంది. మూత తీసేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. పప్పు వాన మబ్బులా నల్లగా, చిక్కగా ఉంది. జీలకర్ర పోపు పెట్టి, పైన గేదె వెన్న ఇంత ముద్ద వేసింది. వెన్న మెల్లిగా కరిగి పప్పు మీద పాకింది.

గుర్నామ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వజ్రమ్మ ఊపిరి బిగబట్టింది. సాంబయ్యా బిగబట్టాడు.

"మా అమ్మ పప్పు కాదక్కా ఇది" అన్నాడు.

వజ్రమ్మ మొహం చిన్నబోయింది.

"కానీ దానికి సొంత చెల్లెలు" అని గిన్నె ముందుకు జరిపాడు. "ఇంకాస్త వెయ్యి."

ఒక గిన్నె తిన్నాడు. రెండో గిన్నె తిన్నాడు. మూడో గిన్నె గీకి గీకి తిని, వెళ్ళి హాయిగా నిద్రపోయాడు. వజ్రమ్మ, సాంబయ్యా కూడా తిన్నారు. చింతపండు లేకపోయినా బాగానే ఉంది అనుకుంది గానీ, ఆ ముక్క ఎవరికీ చెప్పలేదులే.

తెల్లారేసరికి మిషను చప్పుడు! వజ్రమ్మ బయటికొచ్చి చూస్తే, గుర్నామ్ తలపాగా బిగించి కట్టుకుని, మిషనెక్కి కూర్చునున్నాడు. "రా అక్కా, నీ చేను చూపించు!" అని అరిచాడు.

అప్పుడు మిషను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి తిరిగింది. బంగారంలాంటి వడ్లు జలజలా ట్రాలీలో పడ్డాయి. గాలి లేచింది. మబ్బు నెత్తి మీదికొచ్చింది. సాంబయ్య ఊళ్ళో ట్రాక్టరు అడిగి తెచ్చి ట్రాలీని ఇంటికి లాక్కొచ్చాడు. ముగ్గురూ కలిసి వడ్లన్నీ మోసి వసారాలోకి చేర్చారు. ఆఖరి గంప గడప దాటుతుంటే వజ్రమ్మ ముక్కు మీద టప్పున ఒక చినుకు పడింది. లోపలికొచ్చి తలుపేశారో లేదో, రేకులు దద్దరిల్లేటట్టు వాన.

"కొట్టుకో, ఎంత కొడతావో కొట్టుకో ఇంక!" అని వజ్రమ్మ వానని చూసి నవ్వింది. వడ్ల కుప్పకి ఆనుకుని కాళ్ళు బార్లా చాపుకుంది. ఎన్నాళ్ళకో అట్టా తీరిగ్గా కూర్చుంది.

అప్పుడు వంటింట్లో, వజ్రమ్మ అన్నానికి పెట్టొచ్చిన కుక్కరు కూత పెట్టింది. వజ్రమ్మ సాంబయ్య వంక చూసింది. గుర్నామూ చూశాడు.

సాంబయ్య కదల్లేదు. మీసం దువ్వుకుని, వేలు పైకెత్తి, "ఒకటి" అన్నాడు.

అంతే అమ్మలూ. రేపు మీ అమ్మ కుక్కరు పెట్టినప్పుడు నువ్వు తలుపు చాటునే నుంచో, ఏం పర్లేదు. కాకపోతే అక్కణ్ణుంచే వేలు చూపించి లెక్కపెట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకో.

వడ్లు చేరె వసారాలోకి,
వెన్న కరిగె పప్పులోకి,
ఆవిరి పోయె ఆకాశంలోకి,
భయం పోయె బయటికి,
కథ బయల్దేరె కంచికి,
నిద్ర వచ్చె నీ మంచానికి.